సంజవేళ మొలచు సంత

వేసవి మధ్యాహ్నమున మొరాకో దేశమందలి మరాకేష్ నగరపు నడిబొడ్డునకు వచ్చిన బాటసారికి కనబడునది ఒక విశాలమైన బయలు మాత్రమే. ఎండ నలువది డిగ్రీలు దాటి కాయుచుండును. నేల సెగలు గ్రక్కుచుండును. ఒక వైపున నారింజపండ్లను గోపురమువలె పేర్చిన రసపు బండ్లు, పెద్ద గొడుగుల నీడన కూర్చుండి గోరింటాకు పెట్టు స్త్రీలు కొందరు, బుట్టలు ముందుంచుకొని కునికిపాట్లు పడు పాములవాండ్రు - అంతే. ‘లోకప్రసిద్ధమైన జమా ఎల్ ఫనా ఇదియేనా?’ అని అతడు నిరాశ చెందినచో వింత లేదు. ఆ బయలులో చూడదగిన కట్టడము లేదు. మండపము లేదు, తోరణము లేదు, విగ్రహము లేదు.

అతడు సూర్యుడు పడమట వాలు వరకు ఓపిక పట్టవలెను. ఎండ చల్లబడగానే చుట్టునున్న ఇరుకు సందులనుండి తోపుడు బండ్లు రాసాగును. ఒకదానిపై ఇనుప కమ్ములు, ఒకదానిపై బల్లలు, వేరొకదానిపై పొయ్యిలు, గంగాళములు, గిన్నెలు. వాటిని త్రోయు యువకుల కేకలతో బయలు మేల్కొనును. ఎవరి చోటు వారిది. ఎవరి అంగడి సంఖ్య వారిది. ఏండ్ల తరబడి ప్రతి దినము చేసిన పని కావున ఒకరికొకరు చెప్పుకొనవలసిన అవసరము లేదు. కమ్ములు నిలువబడును, వాటిపై గుడ్డ పైకప్పు పరచుకొనును, బల్లలు వరుస తీరును, దీపములు వెలుగును. గంట గడచునప్పటికి సుమారు నూరు భోజనపుటంగళ్లు అచట నిలిచియుండును. బొగ్గులపై కాలుచున్న మాంసపు పొగ తెల్లని మబ్బువలె పైకి లేచి, దీపకాంతిలో తేలియాడును.

నడిరేయి దాటిన తరువాత ఇదంతయు వెనుకకు నడచును. బల్లలు ముడుచుకొనును, కమ్ములు బండ్లకెక్కును, నేల కడుగబడును. తెల్లవారునప్పటికి బయలు మరల బయలే.

ప్రపంచమందలి చారిత్రక స్థలములలో పెక్కింటికి రాయి ఆధారము. దీనికి ఆధారము మనుష్యుల చేతులు, కంఠములు. ఇచ్చటి సంత ప్రతి సాయంకాలము పుట్టి ప్రతి రాత్రి గతించుచు, శతాబ్దములు దాటి వచ్చినది. ఇట్టి వస్తువును కాపాడుట ఎట్లు? రాతి కట్టడమునకు పగులు పట్టినచో సున్నము పెట్టవచ్చును. కంఠము మూగవోయినచో ఏమి పెట్టవలెను? ఈ ప్రశ్న ఈ బయలునుండియే లేచి ప్రపంచమంతట వ్యాపించినది.

పేరు వెనుక పేరు

మరాకేష్ నగరమును అల్మొరావిద్ వంశీయులు సుమారు 1070 ప్రాంతమున నెలకొల్పిరి. దక్షిణమున మంచు తలపాగా ధరించిన అట్లాస్ పర్వతములు, వాటికావల సహారా ఎడారి. ఎడారి దాటి వచ్చు ఒంటెల బిడారులకు ఈ నగరము తొలి మజిలీలలో ఒకటి. పర్వతములనుండి దిగివచ్చు అమాజిగ్ జాతి రైతులు, ఉత్తరమునుండి వచ్చు అరబ్బు వర్తకులు, దక్షిణమునుండి వచ్చు నల్లజాతివారు ఇచ్చట కలిసికొనిరి. ఎర్రమట్టి గోడల నగరమగుటచే దీనిని ‘ఎర్ర నగరము’ అని పిలుతురు. బిడారు దిగినవానికి ముందు కావలసినది నీరు, తరువాత అన్నము, కడుపు నిండిన తరువాత ఒక కథ. ఈ మూటిని అమ్మువారు ఒక బయలున చేరుటయే జమా ఎల్ ఫనా పుట్టుక.

పేరునకు అర్థము చెప్పుటలో పెద్దలు ఏకాభిప్రాయము కలవారు కారు. ‘జమా’ అనగా కూటమి. మసీదు అనియు అర్థము కలదు. ‘ఫనా’ అనగా వినాశము. ముంగిలి అనియు చెప్పుదురు. పూర్వము నేరస్థులను ఈ బయలున బహిరంగముగా శిక్షించి వారి తలలను వ్రేలాడదీయువారు గనుక ఇది ‘మృతుల కూటమి’ అయినదని కొందరందురు. పదునారవ శతాబ్ది చివర అహ్మద్ అల్ మన్సూర్ అను సుల్తాను ఇచ్చట ఒక గొప్ప మసీదును కట్టింపదలచెననియు, కష్టకాలము వచ్చి అది పూర్తికాక పాడుపడెననియు, అందుచే ‘పాడైన మసీదు’ అను పేరు నిలిచెననియు మరికొందరందురు. ఏది నిజమైనను ఇందలి చమత్కారము ఒకటియే: చావును, శిథిలమును తలపించు పేరు గల తావు ఆ నగరమున అన్నింటికంటె సజీవమైన తావు అయినది.

బయలునుండి పడమరకు చూచినచో కుతుబియ్యా మసీదు మీనారు కనబడును. పండ్రెండవ శతాబ్దమున అల్మొహాద్ వంశీయులు కట్టించిన ఈ మీనారు 77 మీటర్ల ఎత్తు కలది. ‘కుతుబియ్యా’ అను పేరునకు మూలము పుస్తకములమ్మువారు. ఒకప్పుడు ఆ మసీదు చుట్టును వ్రాతప్రతులమ్ము అంగళ్లు ఉండెడివట. వ్రాసిన మాటకు అక్కడ అంగడి. పలికిన మాటకు ఇక్కడ అంగడి. రెంటి నడుమ దూరము కొద్ది నిమిషముల నడక.

పొగలోని రుచులు

భోజనపు వరుసలలోనికి అడుగిడిన వానిని మొదట పట్టుకొనునవి రుచులు కావు, పిలుపులు. అంగడికొకడు వాకిట నిలిచి, వచ్చువాని ముఖము చూచి దేశము ఊహించి, ఆ దేశపు భాషలో ఆహ్వానించును. ఫ్రెంచి, స్పానిష్, ఆంగ్లము, జర్మను - బడిలో నేర్చినవి కావు. బాటసారుల నోట విని పట్టినవి. భాషలు నేర్పు ఉపాధ్యాయుడు ఒక సాయంకాలము అచట నిలిచినచో, అవసరమును మించిన గురువు లేడని గ్రహింపగలడు.

పిలుపులకు లొంగక నడచు స్థానికుడు తిన్నగా హరీరా గంగాళము వద్దకు పోవును. సెనగలు, మసూరపప్పు, టొమాటో, కొత్తిమీర, మసాలా దినుసులు కలిపి చిక్కగా కాచిన చారు అది. రంజాను మాసమున పగలెల్ల ఉపవాసమున్న వారు సూర్యాస్తమయమున తొలుత పుచ్చుకొనునది ఖర్జూరము, పిమ్మట ఈ చారు. ఆ మాసమున సంధ్యవేళ నమాజు పిలుపునకు ముందు బల్లలపై గిన్నెలు నిండియుండును. చెంచాలు మాత్రము కదలవు. పిలుపు వినబడగానే బల్లలన్నియు ఒక్కమారు కదలును. కూలివాడును, గుమాస్తాయును, దేశము కాని దేశమునుండి వచ్చినవాడును ఒకే బల్లపై భుజము భుజము రాచుకొని త్రాగుదురు.

దాని పక్కన నత్తల అంగళ్లు. మసాలా మూలికలు, అతిమధురము, సోపు మొదలగునవి వేసి కాచిన చారులో చిన్న నత్తలు ఉడుకుచుండును. తినువాడు సన్నని పుల్లతో నత్తను గుల్లనుండి లాగి తిని, చివర చారును త్రాగును. జలుబునకు, కడుపునొప్పికి అది మందని అచటివారి నమ్మకము. పరదేశి మొదట ముఖము చిట్లించును. పక్కనున్న అచటి పిల్లవాడు రెండవ గిన్నె అడుగుట చూచి ధైర్యము తెచ్చుకొనును.

మరికొంత ముందునకు పోయినచో ఉడికించిన గొర్రెతలలు, నూనెలో వేగు చేపలు, వంకాయ వేపుడు, మసాలాతో కొట్టిన మాంసమును ప్రేవులలో కూరి కాల్చిన మెర్గెజ్, గుండ్రని రొట్టెలు. మాంసము ముట్టనివానికి పప్పుచారులు, వేయించిన కూరలు, ఒలివు కాయలు, ఖర్జూరములు కలవు. బయలును ఆనుకొనియున్న ఒక సందులో గొర్రెలను నేలలో త్రవ్విన పొయ్యిలలో దింపి, మూత వేసి, గంటల కొలది కాల్చుదురు. మధ్యాహ్నమునకు బయటకు తీసి తూచి అమ్ముదురు. ఉప్పును, జీలకర్రను అద్దుకొని తినుటయే.

మరాకేష్ నగరపు సొంత వంటకము మాత్రము తంజియా. దీని కథ వినదగినది. ఇది ఆడువారి వంటయింటి వంటకము కాదు. పెండ్లికాని పనివాండ్ర వంటకమని ప్రసిద్ధి. తోలుపని, కంచరిపని చేయువారు ఉదయమున పనికి పోవుచు, మెడ సన్నగా నుండు మట్టికుండలో మాంసము, వెల్లుల్లి, జీలకర్ర, కుంకుమపువ్వు, ఉప్పులో ఊరిన నిమ్మకాయ, కాచి నిలువచేసిన వెన్న వేసి, పైన కాగితము కట్టి, వీథిలోని వేడినీళ్ల స్నానశాలకు తీసికొనిపోవుదురు. స్నానశాల నీటిని కాచు కొలిమి పగలు రాత్రి మండుచునే యుండును. కొలిమి కాపరి కుండను వేడి బూడిదలో పాతిపెట్టును. గంటల కొలది అది సన్నని సెగపై మగ్గును. పని ముగిసినవాడు కొలిమి కాపరికి నాలుగు నాణెములిచ్చి, వంట సిద్ధముగా నున్న కుండను అందుకొనును. ఒకే నిప్పు ఊరివారికి స్నానము చేయించును, పనివానికి అన్నము వండును. పేదరికము నేర్పిన పొదుపు రుచిగా మారిన తీరు ఇది. నేడు ఆ వంటకమునే ఖరీదైన భోజనశాలలలో వెండి పళ్లెమున పెట్టుచున్నారు. కుండ మాత్రము ఆ కుండయే.

తిన్న తరువాత త్రాగవలసినది పుదీన తేనీరు. మొరాకో దేశీయుల ప్రాణముగా నున్న ఈ పానీయము అచట పుట్టినది కాదు. ఆకు చైనాది. పందొమ్మిదవ శతాబ్దపు నడుమ క్రిమియా యుద్ధకాలమున, ఆంగ్ల వర్తకులు బాల్టిక్ రేవులలో అమ్ముడుపోని తేయాకును మొరాకో రేవులకు మళ్లించిరి. అంతటితో అది ప్రతి యింటికిని చేరెను. చైనా ఆకునకు అట్లాస్ లోయల పుదీన తోడై, పంచదార పాకమువలె కలిసి, ఎత్తునుండి సన్నని ధారగా గాజు గ్లాసులలోనికి దిగును. దానికి తోడు బయలు అంచున పెద్ద రాగి పాత్రలలో మరుగు ‘ఖుదెంజాల్’ అను ఘాటైన పానీయము కలదు. దుంపరాష్ట్రము, దాల్చినచెక్క, అల్లము, లవంగము మున్నగునవి అందులోని దినుసులు. దుంపరాష్ట్రమునకు సంస్కృతమున కులంజనమని పేరు. అరబ్బు వర్తకుల నోట అది ఖులంజాన్. దినుసులతోపాటు వాటి పేర్లును సముద్రములు దాటి ప్రయాణించుననుటకు ఇంతకంటె నిదర్శన మేల?

వలయము నడుమ కథకుడు

భోజనపు దీపములకు ఆవల చీకటి అంచున మనుష్యులు గుంపులుగా గుండ్రముగా నిలిచియుందురు. అట్టి వలయమునకు ‘హల్కా’ అని పేరు. ఒక వలయమున గ్నావా గాయకులు ఇనుప తాళములు మ్రోగించుచుందురు. సహారా కావలి దేశములనుండి బానిసలుగా తేబడిన వారి సంతతి కాపాడుకొనిన సంగీతమది. 2019 లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వ పట్టికలో చేర్చినది. ఇంకొక వలయమున గడలవలె ఒకరి భుజములపై నొకరు నిలుచు గారడీవాండ్రు. మరొకచోట మూలికలమ్ము వైద్యుడు, జాతకము చెప్పు ముసలిది. ఎర్రని దుస్తులు, రంగు కుచ్చుల టోపీ, మెడలో ఇత్తడి గిన్నెలు, భుజమున మేకతోలు తిత్తితో గంట మ్రోగించుచు తిరుగువాడు నీళ్లమ్మువాడు. ఇంటింటికి కొళాయి వచ్చిన తరువాత అతని నీటికి గిరాకీ తగ్గెను. నేడు ఎక్కువగా అతని జీవనము, పరదేశులు తీసికొను ఛాయాచిత్రములకిచ్చు నాణెములపై నడుచుచున్నది.

వీరందరిలోను పెద్ద గౌరవము కథకునిది. అతని చేతిలో వాద్యము లేకపోవచ్చును. ఒక కర్ర చాలును. ‘ఉండెనో, ఉండకుండెనో’ అని అరబ్బు కథలకు పరిపాటియైన పలుకుతో మొదలుపెట్టును. అనంతరము వేయిన్నొక్క రాత్రుల కథలు, అంతరుడను వీరుని గాథ, హిలాలీ తెగవారి వలసగాథ, ప్రవక్తల చరిత్రలు, మోసగాండ్ర హాస్యకథలు. ఇవి పుస్తకము చూచి చదివినవి కావు. గురువు నోట విని, ఏండ్ల తరబడి వలయమున కూర్చుండి, కంఠస్థము చేసినవి. కొన్ని గాథలు ఒక్క రాత్రిలో తెమలవు. దినముల తరబడి సాగును.

అతని వృత్తి రహస్యము ఒకటి కలదు. వీరుడు కత్తి ఎత్తును. శత్రువు తల వంచును. కత్తి దిగబోవును - అంతలో కథకుడు ఆగును. గిన్నె త్రిప్పును. నాణెములు పడిన తరువాత కాని కత్తి దిగదు. ఒక్కొక్కనాడు కత్తి మరునాటి సాయంకాలము వరకు గాలిలోనే నిలుచును. వినువాడు ఇంటికి పోయియు ఆ కత్తినే తలచుకొనుచు మరల వచ్చును. తెలుగునాట హరికథలు, బుర్రకథలు విని పెరిగినవారికి ఈ నేర్పు క్రొత్త కాదు.

చదువు కొందరికే అందిన కాలమున ఈ వలయమే సామాన్యుని పాఠశాల. చరిత్ర, నీతి, ధర్మము, హాస్యము అతనికి ఇచ్చటనే లభించెను. బయలున లేఖరులును కూర్చుండువారు. వ్రాయనేరనివాని మాటను ఉత్తరముగా వ్రాసి ఇచ్చువారు. 1954 లో మరాకేష్ నగరమునకు వచ్చిన ఎలియాస్ కనెట్టి అను రచయిత ఈ కథకులను, లేఖరులను చూచి ముగ్ధుడయ్యెను. అతనికి అరబ్బీ రాదు. అయినను అర్థము కాని కథను వలయమున నిలిచి వినెను. ఆ అనుభవములతో అతడు వ్రాసిన చిన్న గ్రంథము 1968 లో వెలువడినది. అతనికి 1981 లో నోబెల్ సాహిత్య బహుమానము లభించెను.

రాయి కాని వారసత్వము

ఈ బయలును కాపాడవలెనను తలంపు క్రొత్తది కాదు. ఫ్రెంచి పాలనలో 1922 లోనే దీనికి చట్టరక్షణ కల్పించిరి. 1956 లో మొరాకో స్వతంత్రమైనది. 1985 లో మరాకేష్ పాతనగరమంతయు యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికకెక్కినది. కాని ఆ పట్టిక గోడలకు, ద్వారములకు, మీనారులకు గౌరవమిచ్చినది. గోడలు లేని బయలునకు, అందులోని కంఠములకు ఇచ్చుటకు దాని వద్ద మాటయే లేదు.

ఆ లోపము బయటపడినది ఒక ఆపద వలన. బయలు సమీపమున ఎత్తైన అద్దాల భవనమును, నేలక్రింద వాహనశాలను నిర్మింపవలెనను ఆలోచన వచ్చినది. అప్పుడు ఎలుగెత్తినవాడు హువాన్ గోయితిసోలో. 1931 లో బార్సెలోనాలో జన్మించిన ఈ స్పానిష్ రచయిత మరాకేష్ పాతనగరమున నివాసమేర్పరచుకొని, అరబ్బీ వాడుకభాష నేర్చి, ప్రతి సాయంకాలము బయలు అంచునున్న తేనీటి అంగడిలో కూర్చుండువాడు. అతడు చెప్పిన మాట సూటియైనది: ఒక్క కట్టడమును పడగొట్టకయే ఈ బయలును చంపవచ్చును. వలయము పెట్టుకొను చోటు పోయినచో కథకుడు పోవును. కథకుడు పోయినచో అతని గురువు, ఆ గురువు గురువు దాచి ఇచ్చిన గాథ పోవును. దానిని మరల త్రవ్వి తీయుటకు పురావస్తు శాస్త్రజ్ఞుడు పనికిరాడు.

1997 జూన్ మాసమున యునెస్కో పండితులను మరాకేష్ నగరముననే సమావేశపరచినది. నోటిమాటగా వచ్చు సంపదను, కట్టడములవలెనే, మానవజాతి వారసత్వముగా గుర్తింపవలెనను భావము ఆ చర్చలలో రూపు దిద్దుకొనెను. 2001 మే నెలలో యునెస్కో తొలిసారి పందొమ్మిది ఇట్టి సంపదలను ప్రకటించినది. వాటిని ఎన్నుకొనిన సంఘమునకు గోయితిసోలోయే అధ్యక్షుడు. ఆ పందొమ్మిదింటిలో జమా ఎల్ ఫనా ఒకటి. భారతదేశమునుండి ఆ తొలి పట్టికలో చోటు పొందినది కేరళ దేశపు కూడియాట్టము. ఒకటి ఆలయ నాట్యశాలలో దీపము ముందు నియమనిష్ఠలతో సాగు సంస్కృత నాటకము. ఒకటి పొగ నిండిన సంత. రెండును గురువునుండి శిష్యునకు దేహము ద్వారా, కంఠము ద్వారా అందునవి. 2003 లో దీనిపై అంతర్జాతీయ ఒడంబడిక ఏర్పడినది. 2008 లో ఈ బయలు ఆ ఒడంబడిక పట్టికలో చేరినది. నేడు అధ్యాపకులు తరగతిలో ‘అమూర్త వారసత్వము’ అని బోధించు భావమునకు ఈ భోజనపు సంత ఒక జన్మస్థలమని చెప్పవచ్చును.

ఆకలి నిలిచినది, కథ?

అయినను పట్టికకెక్కుట వేరు, బ్రతుకుట వేరు. బిరుదు వచ్చిన తరువాత బయలునకు వచ్చు పరదేశుల సంఖ్య పెరిగినది. వారివలన అంగళ్లకు లాభము కలిగినది. అన్నమునకు అనువాదము అక్కరలేదు. వేలితో చూపినచో గిన్నె వచ్చును. పాటకును అనువాదము అక్కరలేదు. కాని కథ భాష తెలిసినవానికే చెందును. పరదేశి వలయము అంచున ఒక్క నిమిషము నిలిచి, చిత్రము తీసికొని, పొగ వచ్చు వైపునకు పోవును. స్థానికుడు ఇంటిలో దూరదర్శిని ముందును, చేతిలోని టెలిఫోను ముందును కూర్చుండును. ధ్వనివర్ధకముల హోరులో ఒంటరి కంఠము వినబడుట కష్టమైనది. వృద్ధ కథకులు ఒక్కరొక్కరే తప్పుకొనిరి. భోజనపుటంగళ్ల వరుసలు పొడవుగా సాగుచుండగా కథల వలయములు సన్నగిల్లినవి.

ఇందు ఎవరిని నిందింపవలెను? అంగడివాడు దోషి కాడు; అతడు బయలునకు ప్రతి రాత్రి ప్రాణము పోయుచున్నాడు. బడియు దోషి కాదు. ఉత్తరము వ్రాయించుకొనుటకు లేఖరిని వెదకవలసిన అవసరము తప్పించినది బడియే. కాని చదువ నేర్చిన బాలుడు విననేర్పును మరచినచో, ఒక సంపద వచ్చి ఒక సంపద పోయినట్లు. రెంటిని నిలుపుకొనుట పెద్దల పని.

ఆ పనికి పూనుకొనినవారు లేకపోలేదు. 2010 తరువాత నగరమున కొందరు యువతీయువకులు వృద్ధ కథకుని చెంత చేరి, కథలను పాత పద్ధతిలో విని నేర్చి, అరబ్బీలోను ఆంగ్లములోను చెప్పనారంభించిరి. పూర్వము ఈ వృత్తి పురుషులదే. నేడు యువతులును వలయము నడుమ నిలుచుచున్నారు. 2022 లో మరాకేష్ నగరమున అంతర్జాతీయ కథాకథనోత్సవము మొదలైనది. ఇవి పాత వలయమునకు సాటి యగునా అని వృద్ధులు సందేహింతురు. గిన్నె త్రిప్పి కడుపు నింపుకొనవలసిన కథకుని చురుకుదనము ఉత్సవ వేదికపై వచ్చుట సులభము కాదు. అయినను ఒక కథ మరొక కంఠమునకు దాటుచున్నంతవరకు అది చచ్చినట్లు కాదు.

ఈ బయలు ఆపదలను ఎరుగనిది కాదు. 2011 ఏప్రిల్ 28 న దాని అంచునున్న ఒక తేనీటి భోజనశాలలో బాంబు ప్రేలి పదునేడుగురు మరణించిరి. 2020 మార్చి మాసమున మహమ్మారి కారణముగా దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు, ఆ బయలు సాయంకాలము కూడ బయలుగానే ఉండిపోయెను. పొగ లేదు, తాళము లేదు, పిలుపు లేదు. అంగళ్లు కట్టు యువకులకు, వాద్యకారులకు, కథకులకు ఆనాటి కూలి ఆనాడే. దాచిన సొమ్ము కొద్ది.

2023 సెప్టెంబరు 8 వ తేదీ రాత్రి పదకొండు గంటలు దాటినది. అంగళ్లు నిండుగా నున్నవి. అట్లాస్ పర్వతములలో పుట్టిన భూకంపము నగరమును కుదిపివేసెను. దాని తీవ్రత 6.8. పర్వత గ్రామములు నేలమట్టమైనవి. దేశమున సుమారు మూడువేలమంది ప్రాణములు కోల్పోయిరి. బయలు అంచునున్న చిన్న మసీదు మీనారు కూలినది. పాతనగరపు ఇరుకు సందులలోని ఇండ్లలో ఉండుటకు భయపడిన జనులు పిల్లలను, దుప్పట్లను తీసికొని ఎచటికి పోవలెనో ఎవరును చెప్పలేదు, చెప్పనక్కరలేకపోయెను. మీద పడుటకు గోడ లేని తావు నగరమున ఏదియో అందరికి తెలియును. ఆ రాత్రి వేలాది జనులు తలదాచుకొనిన బహిరంగ స్థలములలో జమా ఎల్ ఫనా ఒకటి. కట్టడము లేకపోవుట దాని లోపమని తలచువారికి ఆ రాత్రి సమాధానము దొరికినది.

కొద్ది దినములకే బండ్లు మరల కదలినవి. ఇనుప కమ్ములు నిలువబడినవి, గంగాళములు పొయ్యికెక్కినవి. పర్వతములలో బంధువులను కోల్పోయినవారును చారు కాచిరి, తినువారును వచ్చిరి. దుఃఖము తీరినదని కాదు, సాయంకాలము వచ్చినదని.

నేడును అంతే. ఎండ వాలగానే సందు మలుపున చక్రముల చప్పుడు వినబడును. నారింజలు మెరయును. రాగి పాత్రపై ఆవిరి లేచును. దీపములకు ఆవల ఒక యువకుడో, ఒక యువతియో నలుగురిని ప్రోగుచేసి ‘ఉండెనో, ఉండకుండెనో’ అని మొదలుపెట్టును. వలయమున పదిమందియే ఉండవచ్చును. వారిలో ఒక బాలుడు రొట్టె నమలుట మరచి నోరు తెరచి వినుచుండును. కథలోని వీరుడు కత్తి ఎత్తును. కథకుడు ఆగి గిన్నె త్రిప్పును. బాలుడు జేబు తడవి చూచుకొని, తన వద్దనున్న ఒక్క నాణెమును అందులో వేసి, మరల వచ్చి తన చోట నిలుచును.